వెంకటసుబ్బులు తలుపు

ముప్పై ఒక్క ఏళ్లు బళ్లో పాఠాలు చెప్పాను. అందులో ఓటర్ల లిస్టు డ్యూటీ ఎన్నిసార్లు పడిందో గుర్తు కూడా లేదు. జనాభా లెక్కలకి టీచర్లే కావాలి, పోలియో చుక్కలకి టీచర్లే కావాలి, ఎలక్షన్లకి టీచర్లే కావాలి. గవర్నమెంటుకి ఏ పని తగిలినా ముందు మా మొహాలే కనపడతాయి. విసుక్కుంటూనే వెళ్లేదాన్ని గానీ, చేసే పని మాత్రం నిక్కచ్చిగా చేసేదాన్ని. దేవకుమారి టీచరు రాసిన లిస్టులో కొట్టివేత ఉండదని బాపట్లలో చెప్పుకునేవాళ్లు. ఆ మాటకి నేను కాస్త ఉబ్బిపోయేదాన్ని కూడా. ఉబ్బినవాళ్లని దేవుడు ఊరికే వదలడు కదా! తొంభై మూడులో నా చేత ఒక్క గీత గీయించాడు. నలభై మూడు ఇళ్ల మీదుగా ఒకే ఒక్క అడ్డగీత.

ఆ గీత చెరిపించిన మనిషి వెంకటసుబ్బులు. చేపలమ్ముకునే మనిషి. నేనిప్పుడు రిటైరై తెనాలిలో ఖాళీగా కూచున్నాను కాబట్టి ఆవిడ సంగతి చెప్తాను. మధ్యలో నా పరువు కూడా కొంచెం పోతుంది, పోనీండి.

వెంకటసుబ్బులు పుట్టింది రేపల్లె దిగువన, సముద్రం ఒడ్డున. పదహారో ఏట బాపట్ల దగ్గర దిబ్బపాలెం కోడలైంది. సూర్యలంక నుంచి ఇసుకలో దక్షిణంగా రెండు మైళ్లు నడిస్తే దిబ్బపాలెం. మొగుడు గంగయ్య మంచి వేటగాడు. సముద్రం మీద ఎంత గట్టివాడో భార్య ముందు అంత మెత్తన. పొద్దున్నే పడవలు ఒడ్డుకి రాగానే సుబ్బులు గంప నెత్తినెత్తుకుని బాపట్ల వచ్చేది. మిగిలితే ప్యాసింజరెక్కి తెనాలి వెళ్లేది. మా వీధిలో ఆవిడ కేక వినపడితే గడియారం చూసుకోనక్కర్లేదు. ఏడున్నర.

బేరమాడితే ఊరుకునేది కాదు. ఓసారి మా పక్కింటి రాఘవమ్మగారు చేప మొప్ప ఎత్తి చూసి, "నిన్నటిదేమోనే సుబ్బులూ" అంది. అంతే! "నిన్నటిదైతే నీ మొహం చూసి ఈపాటికి లేచి పారిపోయేది తల్లీ" అని గంపెత్తుకుని వెళ్లిపోయింది. వారం రోజులు ఆ ఇంటి ముందు ఆగలేదు. రాఘవమ్మగారే చివరికి గేటు దాకా వెళ్లి బతిమాలుకుంది. నాతో మాత్రం సుబ్బులుకి సరదా. "ఏంటి టీచరమ్మా, ఇయ్యాల చర్చీ లేదా? మీ ఏసయ్య శిష్యులు కూడా మావోళ్లేనంట కదా, చేపలు పట్టేవోళ్లు. మరి బేరం ఆడకూడదని నీకు చెప్పలేదా?" అనేది. నవ్వాపుకోలేక అడిగినంతా ఇచ్చేదాన్ని.

దిబ్బపాలెం ఇళ్ల గురించి ఒక మాట చెప్పాలి, అదే అసలు సంగతి. అక్కడ ఇళ్లంటే తాటాకు పాకలు. గోడలూ తాటాకే, కప్పూ తాటాకే. ఇల్లు మొత్తానికి చెక్క అనేది తలుపొక్కటే. పడవ పాతబడి విప్పేసినప్పుడు ఆ బల్లలతో తలుపు చేయిస్తారు. కొడుకుని వేరు కాపురం పెట్టేరోజున తండ్రి ఇచ్చేది ఆ తలుపే. పసుపు రాసి, బొట్టు పెట్టి, కొడుకూ కోడలూ చెరో వైపు పట్టుకుని తెచ్చుకుంటారు. సముద్రం ముందుకొచ్చినా, గాలివాన కొట్టినా, పాక పోతే పోయిందంటారు. తలుపు మాత్రం నెత్తినెత్తుకుని వెళ్తారు. దాన్ని ఎక్కడ నిలబెడితే అదే ఇల్లు. పాకకి రాయడానికి గట్టి గోడంటూ లేదు కాబట్టి, పాత ఎన్యూమరేటర్లు, అంటే లిస్టులు రాసేవాళ్లు, ఇంటి నంబర్లు కూడా ఆ తలుపుల మీదే వేశారు. సుబ్బులు తలుపు నలభై ఒకటి.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ముందే తెలిసుంటే ఈ కథే లేదు.

తొంభైలో మే నెల తుఫానుకి దిబ్బపాలెం తుడిచిపెట్టుకుపోయింది. జనాన్ని ముందురోజే బాపట్లకి తోలేశారు గనక ప్రాణాలు దక్కాయి. సుబ్బులు ముసలత్తని చెయ్యి పట్టుకుని నడిపించింది, తలుపుని గంగయ్య నెత్తికెత్తింది. రేషన్ కార్డున్న రేకుపెట్టె మాత్రం పాకలోనే ఉండిపోయింది. పెట్టె పోయింది, కార్డూ పోయింది. తుఫాను వెలిశాక ఇక ఆ ఒడ్డున వద్దనుకుని, అందరూ మురుగు కాలవ దాటి అవతల మెట్ట మీద పాకలేసుకున్నారు. ఎవరికి దొరికిన జాగాలో వాళ్లు తలుపు నిలబెట్టుకున్నారు. దాంతో నలభై ఒకటి పక్కన ఏడు, ఏడు పక్కన ఇరవై రెండు, ఇలా నంబర్లన్నీ కలగాపులగం అయిపోయాయి. అదే ఏడు సుబ్బులు తల్లికి జబ్బు చేస్తే ఆర్నెల్లు రేపల్లె వైపు పుట్టింట్లో ఉండి చూసుకుని వచ్చింది.

తొంభై మూడు నవంబరులో ఓటర్ల లిస్టు మళ్లీ మొదటినించీ ఇల్లిల్లూ తిరిగి రాయాలన్నారు. నాకు పడిన ఏరియాలో దిబ్బపాలెం ఉంది. చేతిలో పాత లిస్టు. అందులో "దిబ్బపాలెం, కాలవకి తూర్పు, ఇళ్లు ఒకటి నుంచి నలభై మూడు" అని ఉంది. మిట్టమధ్యాహ్నం చెప్పులు చేత్తో పట్టుకుని ఇసుకలో ఈడ్చుకుంటూ వెళ్లాను. చూద్దును గదా, అక్కడ ఇల్లు లేదు, మనిషి లేడు. ఎండ్రకాయల బొరియలు తప్ప ఏమీ లేదు.

కాలవ అవతల పాకలు కనపడుతూనే ఉన్నాయి. అబద్ధమెందుకు చెప్పాలి! దాటాలంటే మోకాలు లోతు నీళ్లు. ఆ రోజు కొత్త వెంకటగిరి చీర కట్టుకుని తగలడ్డాను. అవతలిది నాలాగే డ్యూటీ పడిన మత్తయి మాస్టారి ఏరియా, ఆయన రాసుకుంటాడులే అనుకున్నాను. నలభై మూడు ఇళ్ల మీదుగా గీత కొట్టి, పక్కన "నివాసం లేరు" అని నా ముత్యాల్లాంటి రాతతో రాసి వచ్చేశాను.

మత్తయి మాస్టారు రెండోరోజు మెట్ట ఎక్కాడట. తలుపుల మీద నంబర్లు చూశాడట. ఇవి దిబ్బపాలెం నంబర్లు, దేవకుమారి టీచరు లిస్టువి, ఆవిడ రాసే ఉంటుందిలే అని వెనక్కి తిరిగాడట. నేను ఆయన రాస్తాడనుకున్నాను, ఆయన నేను రాశాననుకున్నాడు. మా ఇద్దరి మధ్యా నూట పన్నెండు మంది లెక్కలో లేకుండా పోయారు.

ఫిబ్రవరిలో ఒక పొద్దున సుబ్బులు మా వాకిట్లో గంప దించింది. రాగానే చేపల పేర్లు చదివే మనిషి, ఆ రోజు వాటి ఊసే ఎత్తలేదు.

"టీచరమ్మా, బడి గోడకి ఓటర్ల కాయితాలు అంటించారంట. మా దిబ్బపాలెపోళ్ల పేరు ఒక్కటంటే ఒక్కటి లేదంట!"

నేను గంపలోంచి రెండు చందువా చేపలు తీసి చేత్తో పట్టుకుని ఉన్నాను. అవి అట్టాగే ఉండిపోయాయి.

"ఓటు మాట అట్టుంచు. తుఫానోళ్లకి ఇళ్ల స్థలాలిస్తామని సర్వేకొచ్చారు. ఓటర్ల లిస్టులో దిబ్బపాలెం కింద పేరున్నోళ్లకేనంట. అక్కడ లేకపోతే పట్టా లేదంట. మూడేళ్ల నించీ ఆ స్థలం కోసం కళ్లల్లో వత్తులేసుకుని చూస్తన్నాం. ఎవడో లిస్టు రాసేవోడు ఒట్టి ఇసుక చూసి, మనుషులే లేరని రాసిపోయాడంట. వాడి చెయ్యి పడిపోను! వాడి కలంలో సిరా ఎండిపోను! నూట పన్నెండు మందిమి బతికుండగానే చంపేశాడు గదా టీచరమ్మా! వాడికి కళ్లున్నాయా, గవ్వలున్నాయా?"

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. నేనేనే తల్లీ ఆ గవ్వల కళ్లదాన్ని, అని చెప్పాల్సింది పోయి, "అయ్యో, ఎంత పని చేశాడు!" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యమేస్తుంది.

కానీ ఊరుకోలేదు. అది కూడా చెప్పుకోవాలి. గడువు ఇంకా పదకొండు రోజులుంది. కొత్తగా పేరు చేర్చుకోవడానికి ఫారం ఆరు అని ఉంటుంది, మనిషికొకటి రాసివ్వాలి. నూట పన్నెండు ఫారాలూ తెచ్చుకుని మా వసారాలో కూచున్నాను. సుబ్బులు గంప అమ్ముకుని వచ్చి ఎదురుగా కూచుంది. "చెప్పు" అన్నాను. మొదలెట్టింది చూడండి! ఏ కాగితం లేదు, ఏ పుస్తకం లేదు. ఒకటో తలుపు నుంచి నలభై మూడో తలుపు దాకా, ఇంటిపెద్ద ఎవరు, పెళ్లాం ఎవరు, పద్దెనిమిది నిండిన పిల్లలెందరు, ఏ తుఫాను ఏడు పుట్టారు, అన్నీ గడగడా చెప్పింది. తలుపుల సంగతి కూడా అప్పుడే చెప్పింది. నా కలం ఆగిపోయింది.

"అయితే ఆ కాలవ అవతల పాకలు మీవేనా?"

"మావి కాక మీ ఏసయ్యవా? ఎవరైనా కాలవ దిగి ఒక్క తలుపు చూస్తే తెలిసిపోయేది. నంబరు ఇంతింత ఉంటది."

ఆ రాత్రి పక్క మీద దొర్లుతూ చాలాసేపు ప్రార్థన చేసుకున్నాను.

ఫారాల మీద అందరి వేలిముద్రలూ వేయించుకుని మూడోరోజు సుబ్బులు తెచ్చింది, చేపల గంపలోనే. ఎమ్మార్వో ఆఫీసులో ఈ పని చూసే సీమోను మా చర్చిలో పాటలు పాడే కుర్రాడే. ఫారాల కట్ట దూరంగా పట్టుకుని, "అక్కయ్యా, ఇవి ఓటర్ల ఫారాలా, ఎండుచేపల పొట్లాలా?" అన్నాడు. తర్వాత మొహం గంభీరంగా పెట్టాడు.

"నివాసం లేరని ఒకసారి రాసేశాక, ఉన్నారనడానికి రుజువు కావాలక్కయ్యా. రేషన్ కార్డులున్నాయా?"

"తుఫానులో పోయాయండి," అంది సుబ్బులు.

"ఇంటిపన్ను రసీదు?"

"పాకకి పన్నేంటండి!"

"పోనీ కొత్త రేషన్ కార్డు తీసుకో."

"అడిగానండి. ఓటర్ల లిస్టులో పేరు చూపిస్తే ఇస్తామన్నారు."

పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు! నాకు ఒళ్లు మండిపోయింది. సీమోనుని నాలుగు దులిపేశాను. వాడేం చేస్తాడు పాపం, రూలు వాడు రాశాడా! "ఇంకోటి కూడా ఉందక్కయ్యా," అన్నాడు మెల్లిగా. "ఒక మనిషికి ఒకచోటే ఓటు. మామూలుగా కాపురం ఎక్కడుంటే అక్కడే. ఈవిడ ఆర్నెల్లు రేపల్లె వైపు ఉందని మా సర్వే వాళ్లు రాశారు. అలాంటివాళ్లు ఇంకా ఇరవై మంది దాకా ఉన్నారు. పైవాళ్లు వీళ్లని అక్కడే రాయించుకోమంటే నేనేం చెప్పను? సోమవారం తెనాలిలో ఆర్డీవోగారు ఇలాంటివన్నీ విచారిస్తారు. ఏదన్నా రుజువుంటే పట్టుకుని అక్కడికి వెళ్లండి. ఆ రోజు దాటితే లిస్టు ఖరారు."

బయటికొచ్చాక సుబ్బులు గంప నెత్తికెత్తుకుంది. "రుజువంటే, ఎప్పటినించి ఉన్నామో తెలిసేదేగా?" అంది.

"అవును. గవర్నమెంటు వాళ్లు రాసింది ఏదైనా."

"సరే, సోమారం తెస్తా."

సోమవారం పొద్దున బాపట్ల స్టేషన్లో ప్యాసింజరు కోసం నిలబడ్డాను. జనం పక్కకి తప్పుకుంటుంటే ఏంటా అని చూశాను. సుబ్బులు, ఆవిడ తోడికోడలు గంగరత్నం, ఇద్దరూ చెరో కొసా పట్టుకుని వస్తున్నారు. నాలుగున్నర అడుగుల పడవచెక్క తలుపు! పసుపు రాసి బొట్టు కూడా పెట్టారు.

"ఓసి నీ దుంపతెగ! తలుపు పీక్కొచ్చావా!"

"నువ్వేగా గవర్నమెంటోళ్లు రాసింది తెమ్మన్నావు. దీని మీదే రాశారు. కాయితమైతే చేతిలో పెట్టుకొచ్చేదాన్ని. చెక్క గదా, మోసుకొచ్చా."

ముగ్గురం దాన్ని పెట్టెలోకి ఎక్కించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. నిడుబ్రోలులో టిక్కెట్లు చూసేవాడు ఎక్కాడు. తలుపు చూసి, "ఇదేంటి, లగేజీ రాయించారా?" అన్నాడు.

"లగేజీ కాదు బాబూ, సాక్షి," అంది సుబ్బులు. "తెనాల్లో సాక్ష్యం చెప్పటానికొస్తంది. సాక్షికి టిక్కెట్టుంటదా?"

పెట్టెంతా ఘొల్లుమంది. ఆయన నవ్వుతూ తల కొట్టుకుని వెళ్లిపోయాడు. తెనాలి వీధుల్లో నడుస్తుంటే ఒకాయన, "తలుపు అమ్ముతారా అమ్మా?" అని అడిగాడు. "ఇల్లు అమ్ముకునే ఖర్మ ఇంకా పట్టలేదు నాయనా," అని ముందుకి నడిచింది. నాకు సిగ్గూ, గర్వమూ రెండూ కలిసొచ్చాయి. కానీ ఆ తలుపు అక్కడ ఏం చెప్పినా, గీత కొట్టిన చెయ్యి ఎవరిదని ఎవరో ఒకరు అడగక మానరు.

ఆర్డీవోగారు నడివయసు మనిషి. హాలు నిండా జనం ఉన్నా ఓపిగ్గా వింటున్నాడు. మా వంతు రాగానే తలుపుని గోడకి ఆనించాం. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"ఇదేంటమ్మా?"

"మా ఇల్లండి. రుజువు తెమ్మన్నారు, తెచ్చానండి. ఇదిగోండి నంబరు, నలభై ఒకటి. మీవాళ్లు రాసిందే."

హాలంతా నవ్వులు. ఆయన నవ్వలేదు. "తలుపు ఇవాళ తెనాలి వచ్చింది. రేపు ఇంకెక్కడికైనా పోతుంది. అది నివాసానికి రుజువెలా అవుతుందమ్మా? నువ్వు తుఫాను తర్వాత ఆర్నెల్లు రేపల్లె వైపు ఉన్నావని ఇక్కడ రాశారు."

"ఉన్నానండి, మా అమ్మకి బాగోకపోతే వెళ్లా. నేను వెళ్లా గానీ తలుపు రాలేదండి. పుట్టింటికెళ్లేటప్పుడు ఎవరన్నా తలుపు పట్టుకెళ్తారాండి? మనిషి నాలుగు రోజులు అటూ ఇటూ పోతది. తలుపు మాత్రం కాపురం ఉన్నచోటే ఉంటది. మాకది ఎక్కడుంటే ఊరక్కడండి."

ఆయన కుర్చీలోంచి లేచి వచ్చాడు. "వెనక వైపు తిప్పండి," అన్నాడు. తిప్పాం.

అప్పటిదాకా నేను కూడా చూడలేదు. తలుపు వెనక పైనుంచి కింద దాకా నల్లరంగుతో చిన్న చిన్న తేదీలు. మలేరియా వాళ్లు పాకల్లో మందు కొట్టడానికి వచ్చినప్పుడల్లా తలుపు వెనక తేదీ వేసి, పొట్టి సంతకం పెట్టి వెళ్తారు. ఆర్డీవోగారు వేలు పెట్టి ఒక్కొక్కటే పైకి చదివాడు. ఎనభై నాలుగు జూన్. ఎనభై నాలుగు నవంబరు. ఎనభై అయిదు. అలా చదువుతూ తుఫాను ఏడాదికొచ్చాడు. తొంభై ఆగస్టు ఒకటి, అక్టోబరు ఒకటి. సుబ్బులు రేపల్లె వైపు ఉన్నానన్న ఆర్నెల్లలోనే ఆ రెండు తేదీలూ ఉన్నాయి. అంటే మనిషి వెళ్లినా తలుపు మాత్రం దిబ్బపాలెంలోనే ఉంది. చిట్టచివరిది తొంభై మూడు నవంబరు పద్దెనిమిది.

"మొత్తం నలభై మూడు తలుపులకీ ఇవి ఉన్నాయా?"

"ఉన్నాయండి. కావాలంటే అన్నీ తెస్తాం. రైలోళ్లే ఒప్పుకోవాలి."

ఈసారి ఆయన కూడా నవ్వాడు. వెంటనే నేను గీత కొట్టిన పాత లిస్టు తెరిచాడు. నవ్వు పోయింది.

"నవంబరు పద్దెనిమిదిన మలేరియా ఉద్యోగి ఈ ఇంటికొచ్చి మందు కొట్టి వెళ్లాడు. నవంబరు ఇరవైన మా ఎన్యూమరేటర్ ఇక్కడ మనుషులే లేరని రాశారు. ఎవరా ఎన్యూమరేటర్?"

"వాడే దొరికితే చూపించండి బాబుగారూ," అంది సుబ్బులు చీర కొంగు బిగించి.

హెడ్‌మిస్ట్రెస్ ప్రమోషన్ లిస్టులో ఆ ఏడు నా పేరుంది. అది ఒక్కసారి కళ్ల ముందు మెరిసింది. పక్కనే నూట పన్నెండు ఫారాలున్నాయి, నా రాతతో. లేచి నిలబడ్డాను.

"నేనేనండి. పాత ఒడ్డుకి వెళ్లి చూశాను, ఇళ్లు లేవు. కాలవ అవతల పాకలు కనపడ్డాయి. చీర తడుస్తుందని దాటలేదండి. తప్పు నాది."

సుబ్బులు నా వైపు తిరిగింది. ఏడేళ్లుగా ఎరిగిన మనిషి మాట లేకుండా నిలబడగా చూడటం అదే మొదటిసారి. దానికన్నా చెప్పుతో కొట్టినా బాగుండేదనిపించింది.

ఆర్డీవోగారు ఫారాల కట్ట నా చేతిలో పెట్టాడు. "మీకు మెమో వస్తుంది," అన్నాడు. "ఇప్పుడు ఈ ఫారాలు పట్టుకుని మీరే వెళ్లండి. ఇల్లిల్లూ తిరిగి, మనిషి మనిషినీ చూసి, ఉన్నారని సంతకం పెట్టి గురువారంలోపల నాకు పంపండి. నేను చేరుస్తాను." తర్వాత సుబ్బులుతో, "నీ సాక్షిని తీసుకెళ్లమ్మా, ఇంటికి తలుపు లేకపోతే ఎలా?" అన్నాడు.

తిరుగు ప్యాసింజరులో ఆవిడ కిటికీ దగ్గర కూచుంది. తలుపుకి అటు ఆవిడ, ఇటు నేను. గంగరత్నం మా ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది. అప్పికట్ల దాటాక సుబ్బులు నోరు విప్పింది.

"ఆ రోజు చందువాలు పట్టుకుని 'అయ్యో ఎంత పని చేశాడు' అన్నావు. చేశాడు! నిన్ను నువ్వే మొగోణ్ణి కూడా చేసుకున్నావు."

"తప్పైపోయింది సుబ్బులూ. క్షమించు."

"నీ చెయ్యి పడిపోవాలని తిట్టా. అది నేను వెనక్కి తీసుకోను. నువ్వు చేసినదానికి ఆ తిట్టు న్యాయమే. కాపోతే ఆ చేత్తో నూట పన్నెండు సంతకాలు పెట్టాలి. అందాకా వాయిదా ఏస్తన్నా."

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. రెండూ దాచుకోలేకపోయాను.

మర్నాడు కాలవ గట్టుకి వెళ్లేసరికి అవతల దిబ్బపాలెం అంతా నిలబడి ఉంది. నేను చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని నీళ్లలో కాలు పెట్టాను. అవతలి గట్టు మీద నుంచి సుబ్బులు కేకేసింది.

"ఎత్తి పట్టుకోకు టీచరమ్మా! తడవనీ!"

వదిలేశాను. మోకాళ్ల పైదాకా తడిసి గట్టెక్కాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఏ తలుపు కనపడితే ఆ తలుపు దగ్గర ఆగాను. నలభై ఒకటి, ఏడు, ఇరవై రెండు. ప్రతి ఫారం మీదా "మనిషిని చూశాను, ఇక్కడే నివాసం" అని రాసి సంతకం పెట్టాను. సాయంత్రానికి చెయ్యి నిజంగానే పడిపోయేట్టుంది. గంగయ్య ఒక్కడే నా దగ్గరికొచ్చి, "మా ఆడదాని మాటలు పట్టించుకోకండి," అని గొణిగి, వేడివేడిగా చేపల పులుసు, అన్నం పెట్టించాడు.

గురువారానికి కాగితాలు చేరాయి. చివరి లిస్టులో నూట పన్నెండు పేర్లూ వచ్చాయి. నా మెమో కూడా వచ్చింది, ప్రమోషన్ రెండేళ్లు ఆగింది. రావాల్సిందే వచ్చిందని ఊరుకున్నాను. తొంభై నాలుగు ఎలక్షన్లలో సుబ్బులు తెల్లవారకముందే వచ్చి వరసలో మొదట నిలబడింది. బూత్‌లో నా డ్యూటీయే. వేలికి సిరా పెడుతుంటే, "గట్టిగా పెట్టు, చీరకంటుకుంటదని భయపడకు," అంది. ఎవరికి వేసిందని అడిగితే, అది నీకెందుకంది.

ఇళ్ల పట్టాలు తర్వాతి ఏడు వచ్చాయి. స్లాబులు పడేసరికి తొంభై ఏడు. నేను రిటైరయ్యే ముందు చివరి లిస్టు డ్యూటీ చేసింది ఆ ఏడే. ఈసారి అడిగి మరీ ఆ ఏరియా వేయించుకున్నాను. కాలవ మీద చిన్న వంతెన కూడా పడింది. మెట్ట మీద వరసగా నలభై మూడు ఇళ్లు, సున్నం వేసి, తెల్లగా. అందరూ కొత్త తలుపులు పెట్టించుకున్నారు. సుబ్బులు ఇంటికి మాత్రం ఆ పాత పడవచెక్క తలుపే. గుమ్మం పెద్దదైపోతే పైన ఇంకో ముక్క అతికించి మరీ బిగించింది. రంగు డబ్బా, కుంచె తీసుకుని, అలవాటు కొద్దీ ఆ తలుపు ముందు వంగాను. పాత నలభై ఒకటి ఉప్పుగాలికి వెలిసిపోయింది. దాని మీదే మళ్లీ దిద్దబోయాను.

సుబ్బులు నా చెయ్యి పట్టుకుంది.

"తలుపు మీద వద్దు టీచరమ్మా. గోడ మీద రాయి."

"ఎప్పుడూ తలుపు మీదేగా?"

"అప్పుడు లేచిపోయేవోళ్లం గనక తలుపు మీద రాయించుకున్నాం. ఇప్పుడు గోడుంది. ఇక ఎక్కడికీ మోసేది లేదు."

గోడ మీద రాశాను. నా సర్వీసులో అంత పెద్ద అక్షరాలు ఎప్పుడూ రాయలేదు. ఆవిడ పక్కనే నిలబడి, రంగు ఆరేదాకా ఎవరినీ ఆనుకోనివ్వలేదు.